ఆయుధపూజ నాటి సంతకం

చౌడేపల్లె పొలిమేరలోని టమోటా తోటలో గౌతమ్ నడుపుతున్న చిన్న విమానం కూలి అప్పటికి పన్నెండు రోజులు. రెండు కాళ్లూ విరిగి అతను మదనపల్లెలో ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. ఆ వేళ విమానంలో ప్రయాణికులు లేరు. తోటలో కాయలు కోస్తున్న ఆడవాళ్లు అప్పుడే సద్ది తినడానికి గట్టెక్కి కూర్చున్నారు. దయానందం రోజూ ప్రార్థనలో ముందు ఈ రెండింటికీ కృతజ్ఞత చెప్పుకునేవాడు. అడగవలసింది ఆ తర్వాతే అడిగేవాడు.

అడగవలసింది గౌతమ్ గురించే. కుప్పం నుంచి రెండు చిన్న విమానాలు నడిపే 'గగనమిత్ర' కంపెనీ తప్పంతా అతనిదేనంటున్నది. ఒక ట్యాంకులో పెట్రోలు అయిపోవస్తే రెండోదానికి మీట తిప్పాలి, అది మరిచిపోయాడట. "తిప్పినా సార్, నా చేత్తో తిప్పినా" అని గౌతమ్ ఎంత మొత్తుకున్నా, "ఒప్పుకో నాయనా, ఆరు నెలలు పక్కన పెట్టి మళ్లీ తీసుకుంటారు" అని నచ్చజెప్పింది దయానందమే. మొన్న డిసెంబరులో రిటైరయ్యేదాకా ఆ కంపెనీలో ఇంజనీరు ఆయన. ఇప్పుడా కుర్చీలో కూర్చున్న శివకుమార్ ఆయన దగ్గర పని నేర్చినవాడు. ఇంజనూ గొట్టాలూ అన్నీ బాగున్నాయని, ఆరు నెలల మాటే నిజమని శివకుమార్ చెప్పాడు. శివకుమార్ చెప్పాక దయానందానికి వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

నిన్న విచారణ కాగితాల నకళ్లు ఆసుపత్రికి వచ్చాయి. తప్పు ఒప్పుకుంటే లైసెన్సు శాశ్వతంగా రద్దని వాటిలో స్పష్టంగా ఉంది. వాటి అడుగున ఆ విమానం తనిఖీ పత్రం ఉంది. ట్యాంకు నుంచి ఇంజనుకు పెట్రోలు తెచ్చే పాత గొట్టం విప్పి కొత్తది బిగించినట్టు రాసి ఉంది. తేదీ అక్టోబరు ఒకటి. కింద దయానందం సంతకం.

అక్టోబరు ఒకటి ఆయుధపూజ.

ఆ కాగితం సంచిలో పెట్టుకుని ఆయన పుంగనూరు బస్సెక్కాడు. బస్సు కిక్కిరిసి ఉంది. కండక్టరు ఆయన ముఖం చూసి ఏమనుకున్నాడో, తన సీటు మీది సంచి తీసి, "కూసో పెద్దాయనా, నేను ఎట్లాగూ నిలబడేవోణ్ణే" అన్నాడు.  దయానందానికి రాత్రంతా రాని కన్నీళ్లు ఆ చిన్న దయకు రాబోయాయి. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

శివకుమార్ ఇల్లు బస్టాండు వెనక వీధిలో. తలుపు తీసింది అతని భార్య మాలతి.

"అయ్యో, సారు! రాండి సార్, రాండి. ఏమండీ, మీ సారొచ్చినారు! ఆ లుంగీ మింద సొక్కా ఏసుకోండి." లోపలికి కేకేసి, నవ్వుతూ కుర్చీ లాగింది. "పొద్దున్నే కుప్పం పోయి, ఇప్పుడే వచ్చి పడుకున్నాడు సార్. మా ఇంట్లో ఈయన దడిసేది రెండిటికే. ఒకటి కంపెనీ ఎండీ ఫోను, రెండు మీ దగ్గు. నేను తిట్టేదానికి మాత్రం దడవడు."

శివకుమార్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. "ఏంది సార్ ఇంత దూరం? ఫోను చేసుంటే నేనే మదనపల్లెకు వచ్చుందును గదా. గౌతమ్ ఎట్లుండాడు?"

"ఉండాడు." దయానందం కూర్చున్నాడు. అడగాలనుకున్నవన్నీ బస్సులో వరసగా కూర్చుకున్నాడు గానీ, ఇరవై ఏళ్లుగా ఎరిగిన ముఖం ఎదురుగా వచ్చేసరికి వరస చెదిరిపోయింది. "శివా, ఆయుధపూజ రోజు మనం షెడ్డులో ఏమన్నా పని చేసినామా?"

"ఆయుధపూజ నాడు పనేంది సార్?" శివకుమార్ నవ్వాడు. తర్వాత ఆ నవ్వు ఎక్కడ దించాలో తెలియనట్టు ఆగిపోయాడు.

కాఫీ తెస్తున్న మాలతికి ఆ మాట వినపడింది. "పనా? ఆ పొద్దు పని చేస్తే చెంగయ్య తాత ఊరుకుంటాడా? ఇదో సార్, సక్కెర లేదు, తాగండి. ఆ పొద్దు ఫోటోలు నా ఫోన్లో ఉండాయి, సూపిస్తా ఉండండి."

కుప్పం షెడ్డులో ఆయుధపూజ అంటే చిన్న విషయం కాదు. పొద్దున్నే స్పానర్లు, స్క్రూడ్రైవర్లు, కొలత సాధనాలు అన్నీ కడిగి తుడిచి అరటాకు మీద పేర్చి చందనం, కుంకుమ పెడతారు. ఆకు మీదికి వెళ్లిన పనిముట్టును మర్నాడు హారతి అయ్యేదాకా ఎవరూ ముట్టరు. దయానందం ఆ కంపెనీలో చేరిన మొదటి ఏడు ఆ సంగతి తెలియక కళ్లద్దాల మర బిగించుకోవడానికి ఒక స్క్రూడ్రైవరు తీశాడు. షెడ్డులో అందరికంటే పాతకాపు చెంగయ్య ఏమీ అనలేదు, కళ్లనీళ్లు పెట్టుకున్నాడంతే. తన పూజ కాకపోయినా, ఆనాటి నుంచి దయానందం ఆ రోజు చేతులు కట్టుకునే కూర్చునేవాడు. ఏడాదిలో ఒకరోజు ఇనుముకు కూడా విశ్రాంతి ఇచ్చే మనుషుల మధ్య ఉన్నందుకు లోలోపల సంతోషించేవాడు.

మాలతి ఫోను టీపాయ్ మీద పెట్టి వేలితో జరిపింది. బంతిపూల దండ వేసిన విమానం ముక్కు. మామిడాకులు కట్టిన ప్రొపెల్లరు. అరటాకు మీద వరసగా స్పానర్లు. హారతి పళ్లెం పట్టుకున్న శివకుమార్. చివరి ఫోటోలో కొంచెం ఎడంగా నిలబడి, ఆకు దొప్పలో గుగ్గిళ్లు తింటూ నవ్వుతున్న దయానందం.

"సుగుణమ్మ పోయినంక మీరు నవ్వింది అదే మొదటిసారి సార్. అందుకే తుడిపెయ్యకుండా పెట్టుకుండా" అంది మాలతి.

భార్య పోయిన రెండో నెలలో తీసిన ఆ ఫోటో వంక దయానందం ఒక్క క్షణం చూశాడు. తర్వాత సంచిలోంచి కాగితం తీసి ఫోను పక్కన పరిచాడు.

"తారీఖు సూడు శివా."

శివకుమార్ చూపు కాగితం మీద నుంచి ఫోటో మీదికి వెళ్లింది. అక్కడే ఉండిపోయింది.

"ఇంజను మూత మీద దండ ఉండాది. నీ స్పానర్ కుంకుమబొట్టుతో ఆకు మీద ఉండాది. ఇంక గొట్టం ఎవరు మార్చినారప్పా?"

వీధిలో ఎవరో ఉల్లిగడ్డల బండివాడు అరుచుకుంటూ పోయాడు. 

"ఎగరని రోజు కోసం సూసినా సార్" అన్నాడు శివకుమార్. "కూలిన మరుసటి రోజు ఎండీ పిలిచి, వంద గంటలు ఎగిరినంక చెయ్యాల్సిన తనిఖీ కాయితం యాడ అన్నాడు. చెయ్యని తనిఖీకి కాయితం యాడుంటాది? అక్టోబరులో పడాల అది, సుగుణమ్మ పోయిన దిగుల్లో మీరూ అడగలేదు. ఫ్లైటు రిజిస్టరు తిరగేసినా. ఎగిరిన దినం ఏస్తే దొరికిపోతాం గదా. ఒకటో తారీఖు విమానం కదల్లేదని ఉండాది. సరే అని ఏసేసినా. యాల కదల్లేదో తోచలేదు సార్."

"హారతి పట్టింది నువ్వే గదయ్యా!" మాలతి అంది. ఆమె గొంతులో కోపం ఇంకా రాలేదు. ఆశ్చర్యం ఒక్కటే ఉంది.

"నువ్వు లోపలికి పో."

"యాల పోవాల? ఫోటో నాది."

దయానందం సంతకం మీద వేలు పెట్టాడు. "తారీఖు ఏసినావు, సరే. నా సంతకం గీసేదానికి చెయ్యెట్ల వచ్చింది శివా? ఈ చేతికి సంతకం విలువ నేర్పింది నేనే గదా?"

"అది నేను గీసింది కాదు సార్." శివకుమార్ తల వంచుకునే ఉన్నాడు. "బాగా సూడండి. అది మీదే."

దయానందం కళ్లద్దాలు తుడుచుకుని కాగితం దగ్గరికి తీసుకున్నాడు. 'ద' మెడ దగ్గర కలం ఆగిన చుక్క. చివర కిందికి జారిన గీత. అది బల్ల మీద పెట్టిన సంతకం కాదు. వేడి రేకు మీద, హడావిడిలో పెట్టింది. చూస్తుండగానే ఆయనకు జీపు గుర్తొచ్చింది.

జూన్ నెల. సుగుణను చికిత్స కోసం వేలూరు తీసుకుపోతున్నారు. జీపు వెనక సీట్లో ఆమె అద్దానికి తల ఆనించి కళ్లు మూసుకుని ఉంది. ఎన్నాళ్లు పడుతుందో తెలియదు. తను లేకపోతే చిన్న టైరు మార్పుకైనా సంతకం చేసేవాడుండడు, విమానాలు ఆగిపోతాయి. శివకుమార్ ఖాళీ పత్రాలు తెచ్చాడు. చూడని పనికి సంతకం పెట్టొద్దని ముప్పై ఏళ్లు పని నేర్చుకునే పిల్లలకు పాఠం చెప్పిన దయానందం, బానెట్ మీద పదమూడు ఖాళీ పత్రాలకు సంతకం పెట్టి జీపెక్కాడు. సుగుణ కళ్లు తెరిచి, "అయిందా?" అని మాత్రం అడిగింది.

ఐదు వాడారు. తిరిగొచ్చాక ఆ ఐదు పనులూ ఆయన స్వయంగా విప్పి చూసుకున్నాడు. మిగిలినవి ఎనిమిది. ఆగస్టులో సుగుణను సమాధి చేసిన నాలుగో రోజు, శివకుమార్ మదనపల్లె ఇంటికి వచ్చి పక్కన కూర్చుని చెవిలో చెప్పాడు: "మిగిలినయ్యి పొయ్యిలో ఏసేసినా సార్. మీరింక దాన్ని గురించి తలుచుకోవద్దు."

ఆ వారమంతా ఇంటికి వచ్చినవాళ్లు చాలా ఓదార్పు మాటలు చెప్పారు. ఏదీ ఆయనకు తగల్లేదు. గుండె మీది బరువును నిజంగా కొంచెం దించింది ఆ ఒక్క మాటే. అంత దుఃఖంలో కూడా తన తప్పును గుర్తుపెట్టుకుని మాపేసినవాడు ఉన్నాడని ఆయన పొంగిపోయాడు. ఆనాటి నుంచి రోజూ ప్రార్థనలో శివకుమార్ పేరు ఉంది. ఈ పొద్దు కూడా, అలవాటుగా, నోటికి వచ్చింది.

"కాల్చలేదన్నమాట" అన్నాడు.

"కాల్చాలనే అనుకున్నా సార్. ఎండీ అడిగి తీసుకున్నాడు. గొట్టాలకు ఆర్డరేసినాం, వచ్చినంక మారుద్దాం, అంతదాకా కాయితాలు ఉండనీ అన్నాడు. నేను నమ్మినా." శివకుమార్ తల ఎత్తాడు. కళ్లు ఎర్రబడ్డాయి గానీ మాటలో పదును వచ్చింది. "మీరు నన్ను నమ్మి ఖాళీ కాయితం ఇచ్చినారు. నేను ఆయన్ను నమ్మి నింపినా. మీది మంచితనం, నాది మోసమా సార్?"

"నాదీ మంచితనం కాదులే."

"మరి బోర్డు?" ఆపుకోలేనివాడిలా అన్నాడు శివకుమార్. "గేటు కాడ బోర్డు ఉండాది గదా, ప్రమాదం లేని రోజులు అని. పొద్దున్నే సుద్దముక్కతో అంకె మారుస్తాంటిరి గదా మీరు. జులైలో మీరు వేలూరులో ఉండంగా ముందు చక్రం ఇరిగి రెక్క నేలకు రాసుకునింది. కుక్క అడ్డమొచ్చిందని రాసినాం. ఆగస్టులో బ్రేకు పట్టక పోయి కంచెలో పడింది. లోపల పెండ్లోళ్లు ఉండారు. వానకు జారిందని రాసినాం. జనవరిలో లోపల పొగ వచ్చింది. అదైతే రాయనే లేదు. అంకె మాత్రం ఆపలేదు, రోజూ పెంచుకుంటానే పోయినాం. మీరు వేలూరు నుంచి వచ్చి దానికి ఒకటి కలిపినారు సార్."

నాలుగు వేల రోజులు దాటిన అంకె అది. చర్చిలో, బంధువుల ఇళ్లలో, బస్సులో పక్కన కూర్చున్నవాళ్లతో కూడా దయానందం గర్వంగా చెప్పుకున్న అంకె. గౌతమ్‌ను ఆ కంపెనీలో చేర్చేముందు అతని తల్లి రెడ్డెమ్మ భయపడుతుంటే, ఆ బోర్డు దగ్గరికి పిలుచుకుపోయి చూపించింది ఆయనే.

మాలతి గోడకు ఆనుకుని నిలబడిపోయింది. "పెండ్లోళ్లు ఉండారా లోపల?" అంది. 

దయానందం చాలా మెల్లగా అడిగాడు. "లైసెన్సు పోతుందని నీకు తెలుసు గదా? ఆరు నెలలు అనేది అబద్ధమని?"

శివకుమార్ గోళ్లు చూసుకున్నాడు.

"తెలుసా, లేదా?"

"తెలుసు సార్."

"తెలిసే నన్ను వాడి మంచం కాడికి పంపించినావు."

"వాడు ఇంకెవరు చెప్పినా ఇనడు సార్. మీరు చెప్తే ఇంటాడని..."

మిగతావన్నీ దయానందం ఎట్లాగో మోయగలిగేవాడేమో. కాగితం, బోర్డు, పొయ్యిలో వేయని ఎనిమిది పత్రాలు. ఇది మాత్రం వేరు. కట్లతో కదలలేని పిల్లవాడి పక్కన కూర్చుని, వాడి చేయి నిమురుతూ, వాడు చెప్పే నిజాన్ని అబద్ధమని వాడిచేతే అనిపించబోయాడు. ఆ చేయి తనదే. ఆ గొంతు తనదే. పంపిన మనిషి ఇదిగో, కాఫీ చల్లారిపోతున్న టీపాయ్ అవతల, తన దగ్గర నేర్చుకున్న పద్ధతిలోనే మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

ఫోను మోగింది. మాలతిది కాదు, దయానందానిది.

"సారూ, నేను, గౌతమ్ వాళ్లమ్మను." రెడ్డెమ్మ గొంతు గాభరాగా ఉంది. "రేపు వస్తానన్న విచారణ ఆఫీసరు ఈ పొద్దే వచ్చేసినాడు సారూ. కాయితం రాసి తెచ్చినాడు. బిడ్డ చేతికి పెన్నిచ్చినారు. వాడేమో, సారు చెప్పినారు గదా, ఇంకోసారి సారును అడిగి పెడతా అంటాండాడు. పెట్టమంటారా? మీరెట్ల చెప్తే అట్ల."

శివకుమార్‌కు ఆ మాటలు వినపడ్డాయి. లేచి రెండు చేతులూ జోడించాడు. "సార్, వద్దు సార్. సంతకం మీది. మీరు నోరు తెరిస్తే మొదట మీ మింద కేసు పడతాది. ఇన్నేండ్ల పేరు సార్. ఈ వయసులో జైలు..."

అతని గొంతులో దిగులు నటన కాదు. అది దయానందానికి తెలుస్తూనే ఉంది. ఇంత చేసినవాడిలోనూ తన మీద అంత ప్రేమ మిగిలి ఉండటం ఆ క్షణంలో ఆయనకు ఓదార్పు కాలేదు, ఇంకొక దెబ్బయింది.

"వద్దమ్మా" అన్నాడు ఫోనులో. "పెట్టొద్దని చెప్పండి. వాడు మీట తిప్పినాడు. వాడు చెప్పింది నిజం. నమ్మనిది నేనే. ఆ మాట కూడా వాడికి చెప్పండి. చెప్పి, ఫోను ఆఫీసరు గారికి ఇయ్యండి."

అవతల ఏదో కిందపడిన చప్పుడు. రెడ్డెమ్మ "వద్దంటాండారు నాయనా, సారే వద్దంటాండారు" అనడం, గౌతమ్ ఏదో అడగడం, ఆమె ఏడుపు. తర్వాత ఒక కొత్త గొంతు.

"చెప్పండి. ఎవరు మాట్లాడుతున్నది?"

"దయానందం, సార్. మీ దగ్గరున్న అక్టోబరు ఒకటో తారీఖు తనిఖీ పత్రం మీద సంతకం నాదే. ఆ పని జరగలేదు. ఆ రోజు ఆ షెడ్డులో ఎవరూ పనిముట్టు ముట్టలేదు, దానికి ఫోటో ఉంది. నేను జూన్‌లో ఖాళీ పత్రం మీద సంతకం పెట్టి ఇచ్చాను. నా లైసెన్సు నంబరు చెబుతాను, రాసుకోండి."

చెప్పాడు. అంకె అంకె విడివిడిగా చెప్పాడు. అవతల ఆఫీసరు రాసుకుని, ఒకసారి తిరిగి చదివి సరిచూసుకున్నాడు.

"మీరు ఏమంటున్నారో మీకు అర్థమవుతోందా?"

"అవుతోంది సార్. ఆ పిల్లవాడి దగ్గర మీరు తెచ్చిన కాగితం వెనక్కి తీసుకోండి, చాలు."

"తీసుకున్నాను." ఆ గొంతు కొంచెం మెత్తబడింది. "దయానందం గారూ, ఇలాంటి ఖాళీ పత్రాలు ఇంకెన్ని ఉన్నాయి?"

దయానందం ఫోను చెవి దగ్గరే ఉంచుకుని శివకుమార్ వైపు తిరిగాడు. "ఎనిమిదిలో ఎన్ని మిగిలినాయి?"

శివకుమార్ కుర్చీలో కూలబడ్డాడు.

"ఎన్నప్పా?"

"ఏమీ లేవు సార్."

"ఆఖరిది యాడికి పోయింది?"

"ఇది కూలినంక ఆఫీసర్లు రెండో విమానం కూడా ఆపేసినారు గదా సార్, తనిఖీ కాయితం సూపిస్తే వదుల్తామని. మీరు రిటైరయ్యే ముందు వారం తారీఖు ఏసి..." అతను గోడ గడియారం వైపు చూశాడు. మూడూ ఇరవై. "ఈ పొద్దే కుప్పం పోయి ఇచ్చొచ్చినా. మద్యాన్నం వదిలేసినారు. మూడుకు పైకి ఎత్తింటారు. హైదరాబాదుకు. నవీన్ తోలుతాండాడు. ఎనక ఐదుమంది."

"దాంట్లో గొట్టం?"

శివకుమార్ తల అడ్డంగా ఊపాడు.

పైనుంచి వచ్చే చప్పుడు అందరికంటే ముందు విన్నది మాలతి. తలెత్తి, గబగబా పెరట్లోకి నడిచింది. దయానందం ఆమె వెనకే వెళ్లాడు. దక్షిణం నుంచి, ఎండలో మెరుస్తూ, చిన్న రెక్కల విమానం ఒకటి పుంగనూరు మీదికి వస్తున్నది.

"దయానందం గారూ?" ఫోనులో ఆఫీసరు గొంతు. "వింటున్నారా?"

ఆయన వింటున్నాడు. ముప్పై ఆరేళ్లు ఇంజన్ల పక్కన నిలబడిన చెవులతో వింటున్నాడు. నెత్తి మీదికి వచ్చిన ఆ చప్పుడులో ఒక్క క్షణం, ఎవరో ఊపిరి తీసుకోవడం మరిచినట్టు, చిన్న ఖాళీ వచ్చింది. మళ్లీ అందుకుంది. మాలతి ఆయన చేయి పట్టుకుంది.

మళ్లీ ఖాళీ. ఈసారి అది మొదటిదాని కంటే పొడుగ్గా ఉంది.